టపాకాయలకి భయపడే మిలిటరీ మనిషి

ఈ టపా రాద్దామా వద్దా అని ఏడాది నుంచీ ఆలోచిస్తున్నాను. మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు ధైర్యం చేసి మావయ్యనే అడిగేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పేరు రాయమాక. ఊరు రాయమాక. మిగతాది నీ ఇష్టం" అన్నాడు. కాబట్టి పేరూ ఊరూ లేకుండానే చదువుకోండి. గురజాల దగ్గర ఒక పల్లె అనుకోండి, చాలు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ఇంటర్ తప్పి, 1996లో సైన్యంలో చేరాడు. బెంగళూరు మద్రాస్ సాపర్స్‌లో శిక్షణ. సాపర్లంటే సైన్యంలో ఇంజనీర్ల దళం. వంతెనలు కడతారు, రోడ్లేస్తారు, మందుపాతరలు పెడతారు, తీస్తారు. "మన ఇంట్లో మొదటి ఇంజనీరు నేనేరా, నువ్వు రెండోవాడివి" అని నేను బీటెక్‌లో చేరినప్పుడు నవ్వుతూ అన్నాడు. 17 ఏళ్ళు చేసి 2013లో నాయక్‌గా పెన్షన్ మీద వచ్చేశాడు. అప్పటికి ఆయన వయసు 36. మన కంపెనీల్లో అయితే ఆ వయసుకి మేనేజర్ అవుదామా, టెక్నికల్‌గానే ఉందామా అని తర్జనభర్జన పడుతుంటాం. అక్కడ ఆ వయసుకి ఒక జీవితం అయిపోయి, రెండోది మొదలవ్వాలి.

పల్లెటూళ్ళో మిలిటరీ మనిషంటే ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. సెలవుకి వస్తే ట్రంకు పెట్టె చుట్టూ పిల్లలం మూగేవాళ్ళం. పెద్దవాళ్ళు మాత్రం "మిలిటరీ సరుకు తెచ్చావా?" అనేవాళ్ళు. మా ఈడు పిల్లలం అడిగే ప్రశ్న ఒక్కటే: "మావయ్యా, ఎంతమందిని చంపావు?" ఆయన మొహం ఎటో తిప్పుకునేవాడు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. 2016లో మా అక్క పెళ్ళి. పెళ్ళికొడుకు ఊరేగింపు మా వీధిలోకి రాగానే బాణసంచా మొదలైంది. రెండో బాంబు పేలేసరికి పక్కనున్న మావయ్య లేడు. వెతికితే ఇంటెనకాల గడ్డివాము పక్కన బోర్లా పడుకుని, రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఉన్నాడు. కొత్త తెల్లచొక్కా అంతా మట్టి. అందరూ నవ్వారు. "మిలిటరీవాడు టపాకాయకి దడుచుకున్నాడ్రోయ్" అని ఎవరో అరిచారు. నేనేం చేశానంటే ఫోన్ తీసి వీడియో తీశాను. ఆ రాత్రే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బోలెడు నవ్వు బొమ్మలొచ్చాయి. ఆ గ్రూపులో మావయ్య కూడా ఉన్నాడు. ఒక్క ముక్క అనలేదు. గ్రూపులోంచి బయటికెళ్ళిపోయాడు, అంతే.

తర్వాత మా ఇంట్లో ఆయన గురించి నాలుగు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. ఒకటి, తాగుబోతు. రెండు, సోమరి. ఎందుకంటే నాలుగెకరాల పొలం కౌలుకిచ్చేశాడు, మిరపచేలో అడుగు పెట్టడు. మూడు, ముంగోపి. నాలుగోది మా అమ్మమ్మది: ఎక్కడో గాలి సోకింది. దానికోసం ఆవిడ తాయెత్తులు కట్టించింది, మొక్కులు మొక్కింది.

పొలం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మావయ్య దున్నిన నేల మీద నడవడు. గట్టు మీద కూడా నడవడు. తారురోడ్డు మీద నడుస్తాడు. పొలానికి తప్పనిసరై వెళ్ళాల్సొస్తే ట్రాక్టర్ టైరు పోయిన చారలోనే అడుగులో అడుగేసుకుంటూ వెళ్తాడు. ఇది అందరం చూశాం. "దొరగారికి కాళ్ళకి మట్టంటకూడదు" అని వెక్కిరించాం. మందుపాతరలు పెట్టిన మనిషి మెత్తటి మట్టి మీద కాలెందుకు మోపట్లేదో ఇంతమందిమి, అందులో ఇద్దరు ఇంజనీర్లం, పదేళ్ళపాటు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సరే, అసలు కథకొస్తాను. 2024 మే 13, పోలింగ్ రోజు. ఆ రోజూ, మర్నాడూ పల్నాడులో ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. మాచర్ల, నరసరావుపేట, గురజాల వైపు గొడవలు, నాటుబాంబులు, పెట్రోలు బాంబులు, చివరికి 144 సెక్షన్. ఏ పార్టీవాళ్ళు అని అడక్కండి, ఆ గొడవ ఇక్కడ అక్కర్లేదు. ఆ రాత్రి మా ఊరి పక్కన రెండు బాంబులు పేలాయి. మావయ్య అత్తయ్యనీ పిల్లలిద్దర్నీ నేలమీదికి లాగి, మంచం కిందికి తోసి, తలుపు దగ్గర కాపలా కూర్చున్నాడు. హిందీలో ఎవరితోనో మాట్లాడుతున్నాడట. తెల్లారుజామున కళ్ళు మూతలు పడ్డాక అత్తయ్య మెల్లగా భుజం తట్టి లేపబోయింది. కళ్ళు తెరవకుండానే ఆవిడ చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. మణికట్టు విరిగింది. తెలివొచ్చాక ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడట. ఊరందరికీ మాత్రం "బాత్‌రూములో జారిపడ్డా" అని చెప్పింది.

నాకు మాత్రం ఫోన్ చేసి నిజం చెప్పింది. ఎందుకంటే ఆవిడ భయం చేతి గురించి కాదు. మావయ్య అప్పటికి ఒక బ్యాంకు దగ్గర గన్‌మ్యాన్‌గా చేసి మానేశాడు, సొంత లైసెన్సు తుపాకీ ఉంది. ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి కదా, అందుకని ఆ రాత్రి అది ఇంట్లో లేదు. "ఎన్నికలైపోయినయ్, ఇంక తుపాకీ ఇంటికొస్తది. అది రానీయమాకయ్యా. నన్ను కాల్చుద్దనే భయం కంటే, ఆయన్ని ఆయనే ఏమన్నా చేసుకుంటాడని భయం" అంది అత్తయ్య. హైదరాబాదులో ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ మాట విన్నాను. పైకెళ్ళి మళ్ళీ మీటింగులో కూర్చున్నాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు.

మనమేం చేస్తాం? గూగుల్ చేస్తాం. రెండు రాత్రులు కూర్చుని చదివాను. దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, పొట్టిగా పీటీఎస్‌డీ. పేరు కొత్తదేగానీ జబ్బు పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లోనే ఒక బ్రిటిష్ డాక్టరు దీన్ని 'షెల్ షాక్' అని వైద్యపత్రికలో రాశాడు. అప్పట్లో చాలామంది దీన్ని పిరికితనం అనుకున్నారు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్ళని చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల జాబితాలో ఈ పేరు చేర్చింది. 1988లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఆ యుద్ధానికెళ్ళిన మగవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి ఏదో ఒక దశలో ఇది వచ్చింది.

అక్కడి మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి వాడతారు. నా మాటల్లో చెప్తాను. గత నెల రోజుల్లో ఆ సంఘటన పీడకలగానో, వద్దన్నా జ్ఞాపకంగానో వచ్చిందా? దాన్ని గుర్తుచేసే చోట్లనీ మాటల్నీ తప్పించుకుంటున్నావా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉలిక్కిపడుతున్నావా? మనుషుల నుంచీ, పనుల నుంచీ దూరమై మొద్దుబారినట్టుందా? జరిగినదానికి నీదే తప్పని అనిపిస్తూ ఉందా? వీటిలో ఎక్కువవాటికి అవునంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని అర్థం, అంతేగానీ జబ్బు తేలిపోయినట్టు కాదు. నేను మాత్రం ఆ ఐదూ చదివి, తాగుబోతు, సోమరి, ముంగోపి, గాలి సోకినవాడు అనే నాలుగు ముద్రల్నీ ఒకటొకటిగా కొట్టేసుకున్నాను.

మన ఐటీవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే... ప్రొడక్షన్ సపోర్టులో ఆన్‌కాల్ చేసినవాళ్ళకి తెలుస్తుంది. రాత్రి మూడింటికి మోగే ఆ అలర్ట్ టోన్ ఏడాది తర్వాత సినిమాహాల్లో ఎవరి ఫోన్లోనో మోగినా మన గుండె దడదడలాడుతుంది. సర్వర్ మంది కాదు, డ్యూటీ మంది కాదు, అయినా సరే. మనకి పోయేదేముంది, మహా అయితే ఒక రాత్రి నిద్ర, ఒక చివాటు. అక్కడ పోయేది పక్కవాడి ప్రాణం. ఆ అలర్ట్ ఇరవై ఏళ్ళుగా మోగుతూనే ఉంటే, ఆపే బటన్ ఎక్కడుందో ఎవరూ చెప్పకపోతే?

ఇంత చదివి నేను చేసిన ఘనకార్యం వినండి. ఆ ఐదు ప్రశ్నలూ తెలుగులో రాసుకుని, ప్రింటు తీసుకుని, శనివారం ఊరెళ్ళి, అన్నాల దగ్గర అందరి ముందూ మావయ్యకిచ్చాను. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ఇచ్చినట్టు! ఆయన కాయితం చదివాడు, మడిచి కంచం పక్కన పెట్టాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. రాత్రి పదకొండుకి గానీ రాలేదు. "పిచ్చోడినని కాయితం రాసిచ్చావా?" అన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

అయితే ఒక్క పని మాత్రం జరిగింది. తుపాకీ ఇంటికి రాలేదు. అత్తయ్య విరిగిన చెయ్యి చూపించి, "అది ఇంట్లో ఉంటే నేను ఉండను" అంది. ఆయన కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. తర్వాత అమ్మేశాడు కూడా. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే మొదట చెయ్యాల్సిన పని ఇదే. తుపాకీ, పురుగుమందు డబ్బా... చేతికందే దూరంలో ఉండకూడదు. మన మిరప పొలాల ఇళ్ళల్లో రెండోది ప్రతి వసారాలోనూ ఉంటుంది.

మార్పు నా వల్ల రాలేదు. ప్రకాశం జిల్లా నుంచి మావయ్యతో కలిసి పనిచేసిన ఒకాయన వచ్చాడు. ఆయన కూడా ఇలాగే బాధపడి, వైద్యం చేయించుకున్నాడు. అత్తయ్యే పాత డైరీలో నంబరు వెతికి పిలిపించింది. ఇద్దరూ డాబా మీద తెల్లార్లూ కూర్చున్నారు. పొద్దున్నే మావయ్య కిందికొచ్చి, "గుంటూరు పోదాం పదండి" అన్నాడు. నేను ప్రింటు తీసిన ఐదు ప్రశ్నలు చెయ్యలేని పని, "నాక్కూడా అంతేరా" అన్న ఒక్క మాట చేసింది.

అసలు జరిగిందేమిటో నాకు అప్పుడే తెలిసింది. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 డిసెంబరులో ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. పది నెలలు మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దులో మోహరించింది. యుద్ధం జరగలేదు కాబట్టి మన పాఠ్యపుస్తకాల్లో దానికి పెద్దగా చోటు లేదు. కానీ సరిహద్దు పొలాల్లో లక్షల మందుపాతరలు పెట్టారు, 2002 అక్టోబరులో వెనక్కి రమ్మన్నాక వాటన్నిటినీ మళ్ళీ తీశారు. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కూడా జవాన్లు చనిపోయారు. ఇసుక జరుగుతుంది, వానకి మట్టి కదులుతుంది, పెట్టిన చోట పెట్టినట్టుండవు. మావయ్య వాళ్ళ సెక్షన్లో ఒక కుర్రాడు టేపు కట్టిన దారి వదిలి ఒక్క అడుగు పక్కకేశాడు. ఎందుకేశాడంటే, మావయ్య అటువైపు నుంచి చాయ్ తాగుదువు రమ్మని కేకేశాడు.

"నేనే పిలిచా" అన్న మాట ఇరవై రెండేళ్ళు ఆయన ఎవరికీ చెప్పలేదు.

సర్వీసులో ఉండగానే ఎందుకు చూపించుకోలేదు అంటారేమో. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే ఐదక్షరాలతో కొలుస్తారు. అందులో మొదటి అక్షరం ఎస్, అంటే మానసిక స్థితి. అది తగ్గితే లో మెడికల్ కేటగిరీ. ప్రమోషను మీదా పోస్టింగు మీదా దెబ్బ. పైగా బ్యారక్‌లో పేరుపడిపోతుంది. అందుకని నిద్రపట్టనివాడు రమ్ము తాగుతాడుగానీ డాక్టరుకి చెప్పడు. చెప్పలేదు కాబట్టి రికార్డుల్లో ఉండదు. రికార్డుల్లో లేదు కాబట్టి తర్వాత డిజబిలిటీ పెన్షన్ అడగడం కష్టం. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే, తర్వాత ఆ జబ్బుతో ఇంటికి పంపితే, అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చెయ్యాల్సింది ప్రభుత్వమే అని. ఆ కేసు మూర్ఛకి సంబంధించింది. 2023లో పెన్షన్ నిబంధనలు మారాయి కాబట్టి, ఎవరైనా దావా వెయ్యాలంటే కొత్త నిబంధనలు తెలిసిన లాయరుని అడగడం మంచిది.

ఇక వైద్యం. మొదట వెళ్ళిన ఒక డాక్టరు ఐదు నిమిషాలు చూసి, నిద్రమాత్రలు రాసి, తాగుడు మానమని పంపేశాడు. ఆ రకం నిద్రమాత్రలు దీనికి మందు కాదని, తాగుడుతో కలిస్తే ప్రమాదమని తర్వాత తెలిసింది. రెండో డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టుకుంది, అత్తయ్యని విడిగా పిలిచి మాట్లాడింది. సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టింది (ఎవరూ సొంతంగా మొదలెట్టకండి, సొంతంగా ఆపకండి). మందుతో పాటు, జరిగినదాన్ని పద్ధతి ప్రకారం మళ్ళీ మళ్ళీ చెప్పించి, తప్పించుకుంటున్న పనుల్ని మెల్లమెల్లగా చేయించే కౌన్సెలింగ్ ఉంటుంది. వారం వారం గుంటూరు వెళ్ళడం కష్టమని దాన్ని నా పాత లాప్‌టాప్‌లో వీడియోకాల్ మీద పెట్టించాం. నాకు ఆశ్చర్యమేసిన విషయం: సైకాలజిస్టు తెలుగావిడే, అయినా ఆ రోజు సంగతి చెప్పాల్సొస్తే మావయ్య హిందీలోకి వెళ్ళిపోతాడు. అది జరిగింది ఆ భాషలోనే కదా.

మీ చుట్టాల్లో ఎవరైనా మాజీ సైనికులుంటే ఉపయోగపడతాయని నాలుగు సంగతులు. 2003 నుంచి ఈసీహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది, అందులో చేరిన పెన్షనర్లకీ, వాళ్ళమీద ఆధారపడినవాళ్ళకీ పనికొస్తుంది. భార్య కూడా చూపించుకోవచ్చు, ఇది ముఖ్యం. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. 2022లో మొదలైంది. సైనిక కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణె సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. పెన్షన్, కాయితాల పనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఇంట్లో పాటించాల్సినవి ఇంకా చిన్నవి. నిద్రలో తట్టి లేపకండి, కాళ్ళవైపు దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. హోటల్లో గోడకి ఆనుకుని, తలుపు కనపడే కుర్చీ వాళ్ళకివ్వండి. యుద్ధం కథలు చెప్పమని తాగించకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. భార్యని "నువ్వెలా ఉన్నావు?" అని విడిగా అడగండి. మా అత్తయ్యని ఆ మాట పదకొండేళ్ళలో మొదట అడిగింది ఆ డాక్టరమ్మే!

మాది వీరుల్ని కొలిచే నేల. ఏటా కార్తీకంలో కారంపూడిలో ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది. చిన్నప్పుడు తాతయ్య భుజాల మీద కూర్చుని చూశాను. ఎనిమిదొందల ఏళ్ళ కిందట ఆ యుద్ధంలో పోయినవాళ్ళని ఇప్పటికీ ఆయుధాలతో సహా తలుచుకుంటాం. మరి బతికినవాళ్ళు? యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని మా వైపు చెప్పుకుంటారు. తపస్సుకి వెళ్ళాడంటారు. నాకిప్పుడు ఆ కథ వింటే, కళ్ళముందు అంతమంది పోయాక మనుషుల మధ్య ఉండలేక వెళ్ళాడేమో అనిపిస్తుంది. పోయినవాళ్ళకి గుడి కట్టాం. తిరిగొచ్చినవాళ్ళు ఏ బిలంలో కూర్చున్నారో వెతకలేదు.

మావయ్యకి పూర్తిగా నయమైందా అంటే, లేదు. తాగుడు తగ్గింది, పోలేదు. పీడకలలు నెలకి రెండు మూడు. మా ఊరి దగ్గర సున్నపురాయి క్వారీలో బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ వేస్తే ఆయనకి ఏమీ కాదు, చెవులు మూసుకుని వంద లెక్కపెట్టుకుంటాడు. సైరన్ వెయ్యకుండా పేలిస్తే మాత్రం ఆ రోజంతా పోయినట్టే. అంటే ఆయన్ని పడగొడుతున్నది మోత కాదు, చెప్పాపెట్టకుండా వచ్చే మోత. సైకాలజిస్టు కూడా అదే అంది.

అందుకని 2025 దీపావళికి అత్తయ్య ఒక పని చేసింది. మా వీధిలో పిల్లలందర్నీ పిలిచి, బూరెలు పెట్టి, ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా కాల్చుకోండి, బాంబు అంటించేముందు మాత్రం ఒక కేక వెయ్యండి అని చెప్పింది. పిల్లలు దాన్ని ఆటగా తీసుకున్నారు. ఆ సాయంత్రం మా వీధంతా ఒకటే అరుపులు... "మిలిటరీ తాతా, పేలుద్ది!" ఒక కేక, ఒక మోత. మళ్ళీ ఒక కేక, ఒక మోత. మావయ్య గోడకి ఆనుకుని అరుగు మీద కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి, లోపలికి మాత్రం వెళ్ళలేదు. నేను పక్కనే కూర్చున్నాను. ఫోన్ జేబులోనే ఉంచాను.

ఎనిమిదిన్నర దాటాక, "అక్క పెళ్ళప్పుడు తీసిన వీడియో ఇంకా ఉందంటరా?" అన్నాడు. లేదు మావయ్యా, తీసేశాను అన్నాను. నా ఫోన్లోంచి తీసేశానుగానీ, ఆ గ్రూపులో ఎంతమంది దగ్గరుందో నాకు తెలీదు. ఆ మాట కూడా చెప్పేశాను. సారీ కూడా చెప్పాను, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా.

"సర్లే, పద. అన్నం తిందాం" అన్నాడు.

మా చుట్టాల్లో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ వీడియో మీ ఫోన్లో ఉంటే, దయచేసి తీసెయ్యండి.